కాగితం మీది, ఫైలు ఎవరిది?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది రాయగడ, ఉద్యోగం దమన్‌జోడిలో. శనివారం రైలెక్కి ఇంటికి వస్తాను, సోమవారం తిరిగి వెళతాను. శనివారం రాత్రి మేము ఆరుగురం మా మేడ మీది గదిలో బల్ల చుట్టూ చేరి రోల్ ప్లేయింగ్ ఆటలు ఆడతాం. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు, ఏం జరిగిందో పాచికలు వేసి తేల్చుకుంటాం. ఎక్కువగా డంజియన్స్ అండ్ డ్రాగన్స్, అప్పుడప్పుడు వేరేవి. కథ నడిపేది నేనే. నలుగురం తెలుగువాళ్లం, ఇద్దరు ఒడియావాళ్లు. అందరిలోకీ పెద్దవారు రిటైరైన మాస్టారు ఒకరున్నారు. మాంత్రికుడి పాత్ర ఆయనది.

నా దగ్గర ఐదు పుస్తకాలున్నాయి, దొంగ సొత్తు ఒక్కటీ లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి మూడు పుస్తకాలను 2019లో ఆన్‌లైన్‌లో కొన్నాను. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ 2022లో హైదరాబాదులో ఒక ఆటల దుకాణంలో తీసుకున్నాను, రసీదు దాచాను. కాల్ ఆఫ్ క్తులూ మా అన్నయ్య అమెరికాలో, ప్రచురణకర్తల వెబ్‌సైట్‌లోనే కొని నాకు కానుకగా తెచ్చాడు. ఈ బరువు మోస్తూ వారం వారం రైల్లో తిరగలేకపోతున్నాను. పైగా మొన్నటి వానకు గది కప్పు కారి, ఆ మూడింటిలో రాక్షసుల పుస్తకమైన మాన్‌స్టర్ మాన్యువల్ ఒక పక్క తడిసింది. మాస్టారికి చూపు బాగా మందగించి ఆ సన్నటి అక్షరాలు ఆనడం లేదు.

మా వీధిలోని జిరాక్స్ షాపతను పుస్తకానికి 500 రూపాయలిస్తే మొత్తం స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తానన్నాడు. మా స్నేహితుడేమో ‘టెలిగ్రామ్‌లో అన్నీ ఉన్నాయి, లింకు పంపుతాను’ అంటున్నాడు. డబ్బు పెట్టి కొన్న పుస్తకాలకే కదా, దించుకుంటే తప్పేమిటి? ఒకే పుస్తకాన్ని రెండుసార్లు కొనాలా?

– పేరు వద్దన్న పాఠకుడు, రాయగడ

సమాధానం:

మీరు ముందు అడగవలసింది నన్ను కాదు, మీ అన్నయ్యను. కాల్ ఆఫ్ క్తులూ వేసే కేయోసియం సంస్థ, తన సొంత వెబ్‌సైట్‌లో అచ్చు పుస్తకం కొన్నవాళ్లకు పీడీఎఫ్‌ను కూడా అదనంగా డబ్బు తీసుకోకుండా ఇస్తుంది. ముందు పీడీఎఫ్ ఒక్కటే కొన్నవాళ్లు తర్వాత అచ్చు పుస్తకం తీసుకుంటే ఆ పీడీఎఫ్ ధర తగ్గించి ఇస్తుంది. కాబట్టి మీరు అడుగుతున్న ఫైలు మీ అన్నయ్య ఖాతాలోనో, ఆయన తెరవని పాత మెయిల్లోనో ఉండే అవకాశం చాలా ఎక్కువ. కానుకలతో వచ్చే చిక్కే ఇది. పుస్తకం చేతులు మారుతుంది, దానితోపాటు వచ్చిన మెయిలు మాత్రం కొన్నవారి పెట్టెలోనే అడుగున పడి ఉంటుంది. ఈ శనివారం రాత్రి మీరు ఆటకు కూర్చునే వేళకు అక్కడ పొద్దున కాఫీ వేళ అవుతుంది. ఫోను చేసి, ఖాతాలోకి వెళ్లి చూడమనండి. పుస్తకం మీకు ఇచ్చేశాడు కాబట్టి ఫైలు కూడా మీకు పంపి తన దగ్గరిది తీసేయడం నా దృష్టిలో మర్యాదైన పని. ఫైలు ఖాతాదారుది కదా అని ఆయన సందేహిస్తే కేయోసియం వారికే నాలుగు ముక్కలు రాయమనండి.

హైదరాబాదు పుస్తకానికి ఇంకో దారి ఉంది. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ ప్రచురణకర్త ఎవిల్ హ్యాట్, అలాంటి మరికొన్ని సంస్థలు కలిసి బిట్స్ అండ్ మోర్టార్ అనే ఏర్పాటు చేసుకున్నాయి. మామూలు దుకాణంలో అచ్చు పుస్తకం కొన్నవారికి ఆ దుకాణం ద్వారానే పీడీఎఫ్ ఉచితంగా అందాలన్నది దాని ఉద్దేశం. లేకపోతే పీడీఎఫ్ కోసమని అందరూ ప్రచురణకర్త దగ్గరే కొంటారు, ఊళ్లో దుకాణం పెట్టుకున్నవాడు ఈగలు తోలుకోవాలి. మెలిక ఏమిటంటే ఆ దుకాణం అందులో పేరు నమోదు చేసుకుని ఉండాలి. మీ హైదరాబాదు దుకాణానికి ఫోను చేసి ‘బిట్స్ అండ్ మోర్టార్‌లో ఉన్నారా’ అని అడగండి. ఆ పేరే విననట్టు మాట్లాడితే నేరుగా ప్రచురణకర్తకు మెయిల్ పెట్టండి: ఏ పుస్తకం, ఎక్కడ, ఎప్పుడు కొన్నారు, రసీదు ఫోటో, పుస్తకం పక్కన మీ పేరు రాసిన చీటీ పెట్టి తీసిన ఇంకో ఫోటో. ఇవ్వాలన్న నియమం వాళ్లకేమీ లేదు. కానీ ఈ రంగంలో చాలా సంస్థలు నలుగురైదుగురు మనుషులతో నడిచేవి, మెయిలు చదివేది సాధారణంగా మనిషే. మర్యాదగా అడిగిన ఉత్తరానికి మర్యాదైన జవాబు రావడం నేను చూశాను.

అన్నట్టు, ఆ రసీదును ఇవాళే ఫోటో తీయండి. దుకాణాల్లో ఇచ్చే ఆ నున్నటి రసీదు కాగితం మీది అక్షరాలు వేడికి, వెలుతురికి తెల్లబడిపోతాయి. మీరు 2022లో దాచింది ఈపాటికి తెల్లకాగితం అయిపోయి ఉండకపోతే మీ అదృష్టం.

ఇక డంజియన్స్ అండ్ డ్రాగన్స్. మీ అసలు బరువు అదే. ఆ మూడు పుస్తకాలకు ప్రచురణకర్త విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అసలు పీడీఎఫ్ అమ్మకానికే పెట్టలేదు. మీరు రెండోసారి డబ్బిస్తానన్నా తీసుకునే నాథుడు లేడు. దీని వెనక చిన్న కథ ఉంది. ఆ సంస్థ ఒకప్పుడు పీడీఎఫ్‌లు అమ్మేది. 2009 ఏప్రిల్‌లో దొంగ కాపీలు పెరిగిపోయాయని చెప్పి అన్నింటినీ అమ్మకం నుంచి తీసేసింది. దానివల్ల దొంగ కాపీలు తగ్గాయా అంటే, డబ్బిచ్చి కొనే దారి మూసేశాక మిగిలింది దొంగదారే కదా. 2013 జనవరిలో పాత ఎడిషన్ల పీడీఎఫ్‌లు మళ్లీ అమ్మకానికి వచ్చాయి, మీ దగ్గరున్న ఐదో ఎడిషన్ మాత్రం ఆ వరసలో చేరలేదు. దాని డిజిటల్ రూపం డీ అండ్ డీ బియాండ్ అనే వెబ్‌సైట్‌లో, దాని యాప్‌లో దొరుకుతుంది. అక్కడ విడిగా కొనాలి. బయట కొన్న అచ్చు పుస్తకం చూపిస్తే తెరుచుకునే తలుపేమీ లేదు, పుస్తకం వెనక గీకి చూసుకునే కోడ్ కూడా ఉండదు. పైగా కొన్నది ఆ ఖాతాలోనే చదవాలి, పీడీఎఫ్‌లా బయటికి తీసి దాచుకోలేరు. మీ దమన్‌జోడి–రాయగడ దారి సంగతి మీకు నేను చెప్పాలా? సొరంగంలోకి రైలు దూరిందంటే ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. బయలుదేరే ముందే ఆ యాప్‌లోకి దించి పెట్టుకోకపోతే ఆ దారిలో అది పుస్తకం కాదు.

అయితే మీ శనివారం ఆటకు ఆ మూడు పుస్తకాల్లో నిజంగా ఎంత కావాలి? ఇది చాలామంది వేసుకోని ప్రశ్న. అదే సంస్థ తన నిబంధనల సారాన్ని ‘సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్’ అనే పేరుతో ఉచితంగా ఇస్తుంది. 2023 జనవరిలో లైసెన్సు మార్చబోయి, ఆడేవాళ్ల ఆగ్రహం చూసి వెనక్కి తగ్గి, దాని 5.1 రూపాన్ని క్రియేటివ్ కామన్స్ కింద, అంటే ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చే లైసెన్సు కింద, వదిలేసింది. ఆ లైసెన్సును వెనక్కి తీసుకోవడం ఇక కుదరదు. అది నాలుగు వందల పేజీల పీడీఎఫ్. పోరాటం, పరుగు, దాగడం, విశ్రాంతి నియమాలు, పన్నెండు వృత్తులు, మంత్రాలు, ఆయుధాల ధరలు, మాయావస్తువులు, బోలెడన్ని రాక్షసులు అందులో ఉన్నాయి. దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, ఆరుగురికీ పంచవచ్చు, తెలుగులోకో ఒడియాలోకో మార్చుకోవచ్చు. ఎవరి రచనో చెప్పే వాక్యం ఒకటి అందులోనే రాసి ఇచ్చారు, దాన్ని ఉంచితే చాలు. మీ స్నేహితుడి టెలిగ్రామ్ లింకు మీకివ్వలేని హక్కు ఇది.

ఏది లేదో కూడా చెబుతాను, శనివారం రాత్రి బల్ల దగ్గర తడుముకోకుండా. ప్రతి వృత్తికీ ఒక్క ఉపశాఖే ఉంటుంది. మాస్టారి మాంత్రికుడు ఎవొకేషన్ శాఖవాడైతే ఆయనకు కావలసిన శాఖ అందులో ఉన్నట్టే, వేరే శాఖ అయితే ఆ పేజీలు మీ పుస్తకంలోనే చూడాలి. పాత్రల నేపథ్యం ఒక్కటే ఇచ్చారు, ఫీట్ (పాత్రకు అదనంగా వచ్చే ప్రత్యేక నైపుణ్యం) కూడా ఒక్కటే. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి ఆ సంస్థ సొంత రాక్షసుల వివరాలు ఉండవు. మంత్రాల పేర్లలో మనుషుల పేర్లు తీసేశారు. బిగ్బీస్ హ్యాండ్ అని వెతికితే ఏమీ రాదు, ఆర్కేన్ హ్యాండ్ అని వెతకండి, మంత్రం అదే. ఇంకొక జాగ్రత్త: 2025లో 5.2 అని కొత్తది వచ్చింది. అది 2024లో మార్చిన నియమాలకు సంబంధించినది. మీ పుస్తకాలు 2014వి కాబట్టి 5.1నే తీసుకోండి. కొత్తదే మంచిదనుకుని అది దించుకుంటే బల్ల దగ్గర సగం రాత్రి వాదనకే సరిపోతుంది.

మీ కాల్ ఆఫ్ క్తులూకు కూడా కేయోసియం ఉచిత పరిచయ నియమాల పీడీఎఫ్ ఇస్తుంది. మిగతా ఐదుగురికీ పంపడానికి అది సరిపోతుంది, మీ అన్నయ్య ఫైలు జోలికి ఎవరూ రానవసరం లేదు. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ మూల నియమాలూ క్రియేటివ్ కామన్స్ కింద నెట్‌లో ఉన్నాయి. ఎప్పుడైనా పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట వైపు మనసు పోతే దాని నియమాలు మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో ప్రచురణకర్త అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి.

మీ స్నేహితుడి లింకు గురించి. ‘కొన్నదే కదా’ అన్న మీ మాటలో న్యాయం లేదని నేను అనను. ఒక్క రూపాయి పెట్టకుండా దించుకునేవాడితో మిమ్మల్ని ఒకే గాటన కట్టలేను. కానీ పాలు కొన్నవాడికి గేదె మీద హక్కు రాదు. మీరు కొన్నది ఆ కాగితం ప్రతి. ఆ లింకు పెట్టినవాడికి పంచే హక్కు లేదు, అతని దగ్గర తీసుకున్నంత మాత్రాన మీ రసీదు దాన్ని సక్రమం చేయదు. నీతి మాట పక్కన పెట్టినా సరుకు కూడా మంచిది కాదు. ఈ పుస్తకాలకు అధికారిక పీడీఎఫ్ లేదన్నాను కదా, అంటే అక్కడ తిరిగేది ఎవరో స్కాన్ చేసిందో, ఇంకెక్కడినుంచో పీకి అతికించిందో. పేజీలు మాయమై ఉంటాయి, పట్టికలు వంకరపోయి ఉంటాయి, మొదటి ముద్రణలోని తప్పులు అలాగే ఉంటాయి. సక్రమంగా అమ్మిన ఫైళ్లయితే ఇంకో తమాషా. డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ అనే ఆన్‌లైన్ దుకాణం లాంటి చోట కొన్న చాలా పీడీఎఫ్‌లలో పేజీ కింద కొన్నవారి పేరు, ఆర్డరు నంబరు ముద్ర పడి ఉంటాయి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పేరు ప్రతి పేజీలో చూస్తూ ఆడటం, వేరే ఇంటి శుభలేఖ పట్టుకుని పెళ్లి భోజనానికి వెళ్లినట్టుంటుంది.

ఇన్ని దారులు చూశాక కూడా కొన్ని పేజీలు మిగులుతాయి. ఉచిత పత్రంలో లేని ఉపశాఖలు, మీరు తరచూ వాడే రాక్షసులు, డంజియన్ మాస్టర్ (కథ నడిపేవారి) పుస్తకంలోని పట్టికలు. వాటిని మీరే, మీ పుస్తకం నుంచి, మీ కోసం స్కాన్ చేసుకోవచ్చా? నేను గ్రంథాలయ ఉద్యోగిగా 26 ఏళ్లు పనిచేశాను, వకీలును కాను. ఆ ఉద్యోగంలో రోజూ అవసరపడి కంఠతా వచ్చిన సెక్షన్ ఒకటుంది: 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52(1)(ఎ). సొంతానికి, పరిశోధనకు చేసుకునే న్యాయమైన వాడుక ఉల్లంఘన కాదని అది చెబుతుంది. ఎన్ని పేజీలు దాటితే న్యాయం కాకుండా పోతుందో అంకె వేసి చెప్పదు. అందుకే పుస్తకం మొత్తం కన్నా కావలసిన నలభై యాభై పేజీలు తీసుకోవడం గట్టి నేల మీద నిలబడటం. ఆ స్కాను మీ ఫోనులో ఉన్నంతసేపూ అది సొంత వాడుక. వాట్సాప్ గుంపులో వేసిన క్షణం నుంచి కాదు. ఫోను బల్ల మధ్యలో పెట్టి అందరూ తలలు వంచి చూడటానికి నా మటుకు అభ్యంతరం లేదు, పుస్తకమైనా అలాగే చూసేవారు. పుస్తకం అమ్మేసిన రోజున స్కాను కూడా తీసేయండి.

జిరాక్స్ షాపుల్లో ఢిల్లీ తీర్పు పేరు తరచూ వినిపిస్తుంది. ‘2016లో కోర్టు ఒప్పుకుంది మేడమ్, పుస్తకాలు జిరాక్స్ తీయవచ్చు’ అని నాకే చెప్పినవాళ్లున్నారు. ఆ ఢిల్లీ హైకోర్టు కేసు విశ్వవిద్యాలయంలో పాఠాల కోసం తయారుచేసే పేజీల కట్టల గురించి, చట్టంలో బోధనకు ఉన్న వేరే మినహాయింపు గురించి. రాక్షసులతో పోరాటాన్ని ఏ విశ్వవిద్యాలయమూ ఇంకా సిలబస్‌లో పెట్టలేదు.

షాపుకు వద్దనడానికి చట్టం కన్నా నా సొంత అనుభవం పెద్ద కారణం. ఒకసారి మా కాలేజీ దగ్గరి షాపులో అరుదైన పుస్తకం ఒకదాన్ని స్కాన్‌కు ఇచ్చాను. యంత్రంలో పేజీలు వరసగా లాగాలంటే వెన్ను కోయాలన్నాడు, మళ్లీ బైండు చేసి ఇస్తానన్నాడు. ఒప్పుకున్నాను, బుద్ధి తక్కువై. తిరిగొచ్చిన పుస్తకంలో పదహారు పేజీలు తలకిందులుగా కుట్టి ఉన్నాయి. నెల తర్వాత వేరే పని మీద వెళితే ఆ షాపు కంప్యూటర్ తెర మీద మా పుస్తకం పేరుతోనే ఒక ఫోల్డరు కనిపించింది, ఎవరో విద్యార్థి పెన్‌డ్రైవ్‌లో అదే ఎక్కించుకుంటున్నాడు. మీ 500 రూపాయలతో మీకు ఒక కాపీ, అతనికి అమ్ముకోవడానికి ఒక కాపీ తయారవుతాయి.

ఇంట్లోనే చేయండి. ఆదివారం పొద్దున, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేసుకోండి. పుస్తకాన్ని పూర్తిగా వెల్లకిలా పరచకండి, ఈ లావు పుస్తకాల బంక అక్కడే విడిపోతుంది. రెండు దిండ్లు పెట్టి వాటి మధ్య లోయలో పుస్తకాన్ని సగమే తెరిచి కూర్చోబెట్టండి. ముందు కుడివైపు పేజీలన్నీ తీయండి, తర్వాత పుస్తకం తిప్పి ఎడమవైపువన్నీ. పేజీ పేజీకీ అటూ ఇటూ ఫోను తిప్పితే చేయి వణుకుతుంది, వంకర వస్తుంది. ఈ పుస్తకాల కాగితం మెరుస్తుంది కాబట్టి ఫ్లాష్ వేస్తే పేజీ నడిమధ్య తెల్లటి వెలుగు మచ్చ పడి సరిగ్గా మీకు కావలసిన అంకె మీదే కూర్చుంటుంది. ఫ్లాష్ ఆపేసి, పేజీ వెనక నల్లటి గుడ్డో అట్టో పెట్టండి, అవతలి పేజీ బొమ్మ ఇవతలికి కనిపించదు. పేజీ ఎగిరి లేస్తుంటే బొమ్మల ఫ్రేము నుంచి తీసిన గాజు పలక మెల్లగా ఆనించండి, కానీ గాజులో మీ మొహం, సీలింగ్ ఫ్యాను కనిపిస్తాయి, అవి కనిపించని కోణం వెతుక్కోవాలి. నాకు ఫ్యాను తప్పించడానికే అరగంట పట్టింది.

స్కానింగ్ యాప్ ఏదైనా ఫరవాలేదు, అక్షరాలను గుర్తించి వెతికే వీలు ఇచ్చేదైతే మేలు. పాత ఫోనులో క్యామ్‌స్కానర్ ఉంటే దాన్ని నమ్ముకోకండి, 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. వెతికే వీలు లేని పీడీఎఫ్ కన్నా కాగితమే నయం. బల్ల దగ్గర ‘ఆగండి, చూసి చెబుతాను’ అని వంద బొమ్మలు వేలితో జరుపుతుంటే ఆట చల్లారిపోతుంది. ఆ యాభై పేజీలను పాత్రలు, రాక్షసులు, పట్టికలు అని మూడు చిన్న ఫైళ్లుగా విడదీసి, పేరులోనే పేజీ నంబర్లు పెట్టండి. అలా చేస్తే ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 112వ పేజీ’ అని ఎవరైనా అంటే మీకు వెంటనే దొరుకుతుంది.

మాస్టారి సంగతి వేరే, అది నాకు మీ ప్రశ్నల్లో అన్నింటికన్నా ముఖ్యం. 2012 సవరణలో చట్టంలోకి 52(1)(జెడ్‌బి) అనే సెక్షన్ వచ్చింది. వైకల్యం ఉన్నవారు చదువుకోగలిగే రూపంలోకి ఏ రచననైనా మార్చి, వారి సొంత వాడకానికి ఇవ్వడానికి అది వీలు కల్పిస్తుంది, సంస్థలకే కాదు, మామూలు మనుషులకు కూడా. దృష్టి లోపం ఉన్నవారికి పుస్తకాలు అందించే మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది కూడా మనమే. మాస్టారి చూపు ఆ స్థాయి వరకు తగ్గి ఉంటే ఆయన మంత్రాల పేజీలను పెద్ద అక్షరాల్లోకో, ఫోను చదివి వినిపించే రూపంలోకో మార్చి ఆయనకు ఇవ్వండి. అంత తగ్గలేదంటారా, అప్పుడూ చింత లేదు. ఆ ఉచిత 5.1 పత్రం ఉందిగా, ఆయన మాంత్రికుడికి వచ్చిన మంత్రాలు మాత్రం తీసి, ఒక్కో మంత్రం ఒక్కో అట్టముక్క మీద, కనీసం 20 పాయింట్ల అక్షరాల్లో అచ్చు వేయించండి. జిరాక్స్ షాపతనికి ఇవ్వవలసిన పని ఇదీ. ఇందులో అతను దాచుకున్నా ఎవరికీ నష్టం లేదు.

ఇంకా ఓపిక ఉంటే ఆ అట్టల వెనక తెలుగులో రాయండి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో కూర్చుని, జనం మాట్లాడే భాషలో రాయమని పోరాడుతూనే సవర భాష నేర్చుకుని అందులో పుస్తకాలు రాశారు. మీ ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. ఫైర్‌బాల్ అన్న మంత్రాన్ని పేరు మార్చకుండా ఉంచి, ‘150 అడుగుల లోపల ఎక్కడైనా పేలుతుంది, 20 అడుగుల చుట్టూ ఉన్నవాళ్లందరూ దొర్లి తప్పించుకోవాలి, తప్పించుకున్నా సగం దెబ్బ’ అని మాస్టారి నోట పలికేలా రాస్తే ఒడియా మిత్రులు కూడా తమ లిపిలో ఒక కట్ట అడుగుతారు.

చివరగా ఆ తడిసిన పుస్తకం. కాగితం మిల్లున్న ఊరివారికి కాగితం గురించి చెప్పడం కాస్త సాహసమే, అయినా ఇది మామూలు కాగితం కాదు, పూత పూసిన నునుపు కాగితం. తడిసిన పేజీలు మూసి ఉండగానే ఆరితే ఒకదానికొకటి అట్టలా అంటుకుంటాయి, తర్వాత విడదీస్తే అక్షరాలు ఊడొస్తాయి. ఇంకా చెమ్మ ఉంటే తడిసిన ప్రతి పేజీ మధ్యా తెల్లకాగితం పెట్టి, పుస్తకాన్ని నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టవద్దు, పేజీలు అప్పడాల్లా ముడుచుకుంటాయి. కాగితాలు చెమ్మ పీల్చుకోగానే మార్చండి, పూట పూటకూ. పేజీలు గలగలమనేవరకు దాన్ని స్కాన్ చేయడానికి తెరవకండి, గాజు పలక అసలే ఆనించకండి. మాన్‌స్టర్ మాన్యువల్‌ను ఈ రెండు వారాలూ రైలెక్కించవద్దు. ఈ శనివారం రాక్షసులను 5.1 లోంచే తెచ్చుకోండి.